బిస్కెట్ డబ్బాలోని మందులు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. పుట్టిల్లు ఉద్దానంలో, కవిటి దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బా నిండా మాత్రలు, సిరప్‌లు ఉన్నాయి. కొన్ని ఇక్కడే కొన్నవి, కొన్ని పాతపట్నంలో తీసుకున్నవి, కొన్ని శ్రీకాకుళంలో డాక్టర్ రాసినవి. ఎవరికి ఏం వచ్చినా అందులోంచే తీసి వేసుకుంటాం. మావయ్య గారికి 67 ఏళ్లు, బీపీ ఉంది. మోకాళ్ల నొప్పులకి మూడేళ్లుగా రోజూ రెండు నొప్పి మాత్రలు, వాటితో ఒక గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. "షాపులో ఇస్తుంటే డాక్టర్ దగ్గరికి ఎందుకు" అంటారు. పాపకి నాలుగేళ్లు, 14 కిలోలు. జ్వరం వస్తే సిరప్ ఎంత పోయాలో ప్రతిసారీ సందేహమే. షాపులో ఒడియాలో చెప్తారు, నాకు సగమే అర్థమవుతుంది. అట్ట మీద అంతా ఇంగ్లీషు. నేను పదో తరగతి వరకు చదివాను. మా నాన్నకి రెండేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. అప్పట్నుంచి మాత్ర చూస్తేనే టెన్షన్. చీటీ లేకుండా కొనే మందుల్లో ఏవి ఇంట్లో ఉంచుకోవచ్చు, ఎలా వాడాలి?

– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా మనసు మావయ్య గారి నొప్పి మాత్ర దగ్గరే ఆగిపోయింది. ఆ సంగతికి వస్తాను. ముందు ఒక పని చేయండి. మధ్యాహ్నం పాప పడుకున్నాక ఆ డబ్బాని మంచం మీద బోర్లించండి.

నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. పాతికేళ్లు మందుల షాపు కౌంటర్ వెనక నిలబడ్డాను. జబ్బేమిటో తేల్చడం నా పని కాదు. చేతిలో ఉన్న మాత్రలో ఏముందో, దాన్ని ఎలా వాడాలో చెప్పగలను.

చాలా అట్టల మీద రెండు పేర్లుంటాయి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. దానికి పైనో కిందో చిన్న అక్షరాల్లో ఉన్నది అసలు మందు పేరు, పక్కనే ఎన్ని మిల్లీగ్రాములో అంకె. మనం కొనేదీ, గుర్తుపెట్టుకునేదీ పెద్ద పేరు. ఒంట్లోకి వెళ్లేది మాత్రం చిన్న అక్షరాల మందు. పదో తరగతి ఇంగ్లీషు దీనికి ధారాళంగా సరిపోతుంది, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి. కళ్లకి కష్టమైతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. చిన్న పేరు ఒకటే ఉన్నవాటిని ఒక కుప్పగా పెట్టండి. డబ్బాలో పది రకాలు ఉన్నాయనుకుంటాం కానీ కుప్పలు పెడితే నాలుగైదే తేలతాయి.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. ఒక రాత్రి మా ఆయనకి జ్వరం, జలుబు, ఒళ్లు నొప్పులు. నేను షాపులో ఉన్నాను. జ్వరానికని డోలో 650 ఒకటి వేసుకున్నారు. జలుబుకి వేరే బిళ్ల, ఒళ్లు నొప్పులకి కాంబిఫ్లామ్. మూడు జబ్బులకి మూడు మందులు అనుకున్నారు. ఇంటికొచ్చి చూస్తే టేబుల్ మీద మూడు ఖాళీ గుంటలతో మూడు అట్టలు. డోలోలో పారాసిటమాల్ 650 మి.గ్రా. జలుబు బిళ్లలో 500. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ 400తో పాటు పారాసిటమాల్ 325. ఒక్క గుక్కలో 1475 మి.గ్రా. పారాసిటమాల్ లోపలికి వెళ్లింది. ఆ ఒక్కసారికి ఏమీ కాలేదు. కానీ ఆరేసి గంటలకోసారి అదే మూడూ వేసుకుంటే రోజుకి 5900 అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకి 4000 దాటకూడదు. బక్కపలచని వాళ్లకి, పెద్ద వయసు వాళ్లకి, రోజూ సారా తాగే వాళ్లకి ఇంకా తక్కువే.

పారాసిటమాల్ మంచి మందు. సరైన మోతాదులో ఇంత సురక్షితమైన మందు ఇంకొకటి లేదని నేను నమ్ముతాను. పెద్దవాళ్లకి ఒకసారికి 500 గానీ 650 గానీ, కనీసం నాలుగు గంటల ఎడం, వీలైతే ఆరు గంటలు. 650 బిళ్ల అయితే రోజుకి నాలుగు మించకండి. అది వేసుకుంటున్నప్పుడు జలుబు బిళ్ల జోలికి పోకండి. దీని దెబ్బ లివర్ మీద పడుతుంది, కానీ వెంటనే బయటపడదు. ఎక్కువ మింగినవాళ్లు మొదటి రోజు బాగానే తిరుగుతుంటారు. "బానే ఉన్నాడు కదా" అని ఇంట్లో ఉంచేస్తే, ఒకటి రెండు రోజులు గడిచాక లివర్ దెబ్బతిన్నట్టు తెలుస్తుంది. దీనికి విరుగుడు మందు ఉంది, అది ఎనిమిది గంటల లోపు పడితే బాగా పనిచేస్తుంది. ఎవరైనా పొరపాటునో, కోపంతోనో గుప్పెడు మింగితే మనిషి ఎలా ఉన్నా చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, అట్ట కూడా వెంట పట్టుకెళ్లండి.

ఇక పాప సిరప్. మీ సందేహం న్యాయమైనదే. ఒకే పారాసిటమాల్ పిల్లలకి ముఖ్యంగా మూడు గాఢతల్లో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో 120 మి.గ్రా. ఉన్న సిరప్ ఒకటి, అదే 5 మిల్లీలీటర్లలో 250 మి.గ్రా. ఉన్నది ఇంకొకటి. చంటిపిల్లల కోసం అమ్మే చుక్కల మందు మూడోది. దాంట్లో ఒక్క మిల్లీలీటరుకే 100 మి.గ్రా. ఉంటుంది, అంటే 5 మి.లీ. పోస్తే 500. మూడు సీసాల్లోంచి ఒకే మూత నింపి తాగిస్తే పిల్లకి వెళ్లేది 120, 250, 500. చుక్కల సీసా చిన్నది కాబట్టి మందు తేలిక అనుకునే తల్లులు ఎంతమందో. నిజానికి చిన్న సీసాలోదే చిక్కటిది.

పిల్లలకి లెక్క వయసుతో కాదు, బరువుతో. కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. మీ పాప 14 కిలోలు కాబట్టి ఒకసారికి 140 నుంచి 210 మధ్య ఉండాలి. 120 సిరప్ అయితే 7.5 మి.లీ., అంటే 180 మి.గ్రా. 250 సిరప్ అయితే 3.5 మి.లీ., అంటే 175. ఈ రెండు అంకెలు కాగితం మీద రాసి డబ్బా మూత లోపల అంటించండి. పాప బరువు పెరిగాక మళ్లీ లెక్క కట్టాలి. సీసాతో ఇచ్చే కొలత మూతతోనో, సూదిలేని సిరంజితోనో పోయండి. వంటింటి చెంచా ఒక్కోటి ఒక్కో కొలత. ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగుసార్లకి మించొద్దు. పిల్ల కక్కేసిందని వెంటనే మళ్లీ పూర్తి మోతాదు పోయకండి, కొంత లోపలికి వెళ్లి ఉండొచ్చు. షాపులో అడిగి ఇవ్వండి. జ్వరం ఎంతుందన్న దానికంటే పిల్ల ఎలా ఉందో చూడండి. ఆడుకుంటూ, నీళ్లు తాగుతూ ఉంటే తొందర లేదు. మగతగా పడి ఉన్నా, తాగనంటున్నా, ఫిట్స్ వచ్చినా, డొక్కలు ఎగరేస్తున్నా సిరప్‌తో కాలం గడపొద్దు.

డబ్బాలో నిమెసులైడ్ అని చిన్న అక్షరాలు కనిపిస్తే అది పాపకి వద్దు. 12 ఏళ్ల లోపు పిల్లలకి దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఆస్పిరిన్ కూడా పిల్లల జ్వరానికి ఇవ్వకూడదు. దగ్గు సిరప్‌లు ఉంటే తీసేయండి. రెండేళ్ల లోపు వాళ్లకి దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వొద్దనీ, ఐదేళ్ల లోపు వాళ్లకి మామూలుగా అవసరం లేదనీ కేంద్ర ఆరోగ్య శాఖ 2025లో డాక్టర్లకే చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు విషం కలిసిన దగ్గు సిరప్ తాగి, కిడ్నీలు పాడై, ఇరవై మందికి పైగా పసిపిల్లలు చనిపోయింది ఆ ఏడాదే. మీ పాపకి నాలుగేళ్లు కాబట్టి పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇవ్వండి, గోరువెచ్చని నీళ్లు తాగించండి. ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె పెట్టకూడదు.

జ్వరం గురించి ఇంకో మాట, ఇది మన ప్రాంతానికి తప్పనిసరి. ఒడిశా కొండ పల్లెల్లో మలేరియా ఇంకా ఉంది. 2017 నుంచి దమన్ అనే కార్యక్రమం నడుస్తున్నది అందుకే. మీరు పట్నంలో ఉంటున్నా కొండవైపు చుట్టాల ఇళ్లకి వెళ్లొస్తుంటారు కదా. పారాసిటమాల్ జ్వరాన్ని దించుతుంది, మలేరియాని తగ్గించదు. ఒళ్లు చల్లబడింది కదా అని రెండు మూడు రోజులు గడిపేస్తే లోపల జబ్బు ముదురుతుంది. చలితో జ్వరం వస్తే ఆశా కార్యకర్తకి కబురు పెట్టండి. వేలి మీద ఒక చుక్క రక్తం తీసి కిట్ మీద వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది, డబ్బులు అక్కర్లేదు. వానాకాలంలో డెంగీ భయం కూడా ఉంటుంది. అది కాదని తేలేవరకు జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి.

ఇప్పుడు మావయ్య గారి సంగతి. పేరు రాయలేదు, కానీ రోజూ రెండు నొప్పి మాత్రలు, తోడుగా గ్యాస్ మాత్ర అంటే చిన్న అక్షరాల్లో డైక్లోఫెనాక్ గానీ ఎసిక్లోఫెనాక్ గానీ ఉంటుంది. గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్ అయి ఉంటుంది. ఒకసారి చూడండి. మీరు "చీటీ లేకుండా కొనే మందులు" అని రాశారు. డైక్లోఫెనాక్, పాంటోప్రజోల్ రెండూ చట్టం ప్రకారం డాక్టర్ చీటీ మీదే ఇవ్వాల్సినవి, షెడ్యూల్ హెచ్ మందులు. అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అర్థం అదే. షాపులో అడగ్గానే ఇచ్చారంటే అది ఎవరైనా వేసుకోదగ్గ మందు అని కాదు.

ఆ మాత్ర పనిచేసే తీరు చెప్తాను, మావయ్య గారికి మీరు చెప్పడానికి పనికొస్తుంది. నొప్పినీ వాపునీ పుట్టించే పదార్థాలు కొన్ని మన ఒంట్లోనే తయారవుతాయి. కిడ్నీలోకి రక్తం తీసుకెళ్లే సన్నటి నాళాల్ని తెరిచి ఉంచేదీ, కడుపు లోపలి పొరని ఆమ్లం నుంచి కాపాడేదీ కూడా అవే. మాత్ర వాటి తయారీని తగ్గిస్తుంది. దాంతో మోకాలికి హాయిగా ఉంటుంది, కానీ అదే సమయంలో కిడ్నీకి రక్తం తగ్గుతుంది, కడుపులో పుండు పడే వీలు పెరుగుతుంది. ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది. బీపీ మాత్ర వేసుకుంటున్నా బీపీ దిగడం లేదని చాలామంది తిరుగుతుంటారు, వెతికితే పక్కన నొప్పి మాత్ర ఉంటుంది. టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్ర, మూత్రం ఎక్కువ చేసే మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీ మీద దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. ఎండాకాలం వాంతులు, విరేచనాలు తోడైతే మరీను.

మా షాపుకి రోజూ సాయంత్రం వచ్చే ఒక పెద్దాయన ఉండేవారు. చేతిలో చిల్లర పట్టుకుని "రెండు బిళ్లలు" అనేవారు. ఏ బిళ్లలో నాకు తెలుసు, కత్తెరతో కత్తిరించి ఇచ్చేదాన్ని. ఒక రోజు ఆయన బల్ల మీద కూర్చుని చెప్పు విడిచారు. పట్టీ ముద్ర పాదం మీద లోతుగా దిగబడి అలాగే ఉండిపోయింది. వేలితో నొక్కితే గుంట పడింది. నా మాట మీద రక్తపరీక్ష చేయించుకుంటే, కిడ్నీ పని తగ్గినప్పుడు రక్తంలో పెరిగే క్రియాటినిన్ అప్పటికే బాగా పెరిగిపోయి ఉంది. ఆ మాత్రలు ఇచ్చిన చేతులు నావే. మీకు ఇంత పొడుగు జవాబు రాస్తున్నది అందుకే.

ఉద్దానం గురించి నేను మీకు చెప్పేదేముంది, మీ ఇంట్లోనే చూస్తున్నారు. అక్కడి కిడ్నీ జబ్బుకి ఇన్నేళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా ఇదీ కారణం అని ఒక్కదాన్ని ఎవరూ తేల్చలేదు. నొప్పి మాత్రలే కారణమని నేనూ అనను. కానీ కిడ్నీ కొంచెం దెబ్బతిని ఉన్న మనిషికి ఈ మాత్రలు ఇంకా హాని చేస్తాయన్నది తేలిన విషయం. మొదట్లో కిడ్నీ జబ్బు ఏ బాధా చూపించదు కాబట్టి, తనకి ఉందో లేదో మనిషికి తెలియదు. మీరూ, మీ తోబుట్టువులూ అక్కడి నీళ్లు తాగి పెరిగినవాళ్లే. ఒకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోండి. నాన్నగారికి ఈ డబ్బాలోంచి ఏదీ ఇవ్వకండి. గ్యాస్‌కి తాగే తెల్లటి సిరప్‌లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి, కిడ్నీలు పనిచేయనివాళ్లకి అవి ఒంట్లో పేరుకుంటాయి. తలనొప్పి బిళ్ల అయినా సరే డయాలసిస్ డాక్టర్ని అడిగాకే.

మావయ్య గారితో గొడవ పడకండి. మూడేళ్లుగా నడిపిస్తున్న మాత్రని కోడలు లాక్కుంటే ఎవరికైనా కోపం వస్తుంది. "మావయ్యా, మీ నొప్పి తగ్గాలనే నాకూ ఉంది, ఒక్కసారి కిడ్నీ పరీక్ష చేయించుకుందాం" అనండి. పర్లాకిమిడి ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించండి. వాడుతున్న అట్టలన్నీ, బీపీ మాత్రతో సహా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. అక్కడికి వెళ్లేలోపు ఆ రెండు నొప్పి మాత్రల బదులు పారాసిటమాల్ 500 వేసుకోమనండి. జ్వరం బిళ్ల కదా అంటారు, నొప్పికి కూడా అదే మందు. మోకాలికి వేడి కాపడం పెట్టండి. డైక్లోఫెనాక్ జెల్ రాసుకుంటే మింగిన దానితో పోలిస్తే చాలా తక్కువే రక్తంలోకి వెళ్తుంది. అయినా కిడ్నీ రిపోర్టు వచ్చేవరకు అదీ ఆపితే మంచిది. ఇంకొకటి, కుర్చీలో కూర్చుని ఒక కాలు ముందుకి తిన్నగా చాచి, పది అంకెలు లెక్కపెట్టి దించాలి. కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. నెల రోజులు వదలకుండా చేయాలి. బీపీ మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు. మలం నల్లగా తారులా వచ్చినా, పాదాలు వాచినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

ఆయన సంతలో అమ్మే కీళ్ల నొప్పుల పొట్లం కూడా వాడుతున్నారేమో మెల్లగా కనుక్కోండి. పేరూ ఊరూ లేని పొడి రెండు రోజుల్లో నొప్పి మాయం చేస్తే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. నెలల తరబడి వాడుంటే దాన్ని ఉన్నట్టుండి ఆపేయకూడదు, అదీ ప్రమాదమే. డాక్టర్‌కి చూపించి మెల్లగా తగ్గించాలి.

గ్యాస్ మాత్ర నొప్పి మాత్రకి కాపలాగా వచ్చింది. నొప్పి మాత్ర పోతే అదీ అక్కర్లేకపోవచ్చు, డాక్టర్‌ని అడగండి. గుండె మధ్యలో బరువుగా, చెమటలు పట్టి, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకితే దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోవద్దు.

మిగతావి త్వరగా చెప్తాను. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు ఉంచుకోండి. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకి చెంచా చొప్పున కాదు. 24 గంటలయ్యాక మిగిలింది పారబోయాలి. విరేచనాలయ్యే పిల్లలకి దానితోపాటు జింక్ 14 రోజులు ఇస్తారు, ఆశా దగ్గర దొరుకుతుంది. విరేచనాలు కట్టే లోపెరమైడ్ పాపకి ఇవ్వకండి. సెట్రిజిన్ దురదలకి, తుమ్ములకి మంచిదే, మత్తు వస్తుంది కాబట్టి రాత్రి వేసుకోవాలి, బండి నడపకూడదు. ముక్కు చుక్కలు మూడు నాలుగు రోజులే, ఆపైన వాడితే ముక్కు ఇంకా దిబ్బడేస్తుంది. తామరకి రాసే ట్యూబ్ మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉంది, దురద తగ్గినట్టే తగ్గి తామర ఒళ్లంతా పాకుతుంది, తీసేయండి. మిగిలిపోయిన యాంటిబయాటిక్‌లు కూడా.

కత్తిరించిన అట్టల్లో గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. కొనేటప్పుడు తేదీ, చిన్న అక్షరాల పేరు కనిపించేలా ఫొటో తీసుకోండి. పేరూ తేదీ తెలియని మాత్ర ఏదైనా ఉంచొద్దు. అట్టలోంచి తీసి, తడి మట్టిలోనో వాడేసిన టీ పొడిలోనో కలిపి, కవర్లో కట్టి చెత్తలో వేయండి. మహేంద్రతనయ నదిలో పారేయకండి. డబ్బాని పొయ్యి దగ్గర కాకుండా, పాపకి అందని అటక మీద పెట్టండి.

షాపులో భాష సంగతి. "ఖాఇబా ఆగరు" అంటే తినక ముందు, "ఖాఇబా పరె" అంటే తిన్నాక. "దినకు దుయి థర" అంటే రోజుకి రెండుసార్లు, "తిని థర" మూడుసార్లు. ఇవి వస్తే సగం పని అయినట్టే. అర్థం కాకపోతే అట్ట మీద పెన్నుతో 1-0-1 అని రాయమనండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని. దానికి ఒడియా అక్కర్లేదు, తెలుగూ అక్కర్లేదు. సిగ్గుపడకుండా రెండుసార్లు అడగండి, చెప్పడం కౌంటర్ వెనక ఉన్నవాళ్ల పని.

మావయ్య గారి అట్ట మీది చిన్న అక్షరాల పేరూ, క్రియాటినిన్ ఎంత వచ్చిందో ఆ అంకే నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.